పన్యాంగ్ మేడమ్ కొట్టివేయని తొమ్మిది పేర్లు

కబిలావ్ దీవిలో సముద్రం మీద ఉన్నవారి పేరును ఎవరూ కొట్టివేయరు. మంచినీటి కుళాయి దగ్గర వంతుల పట్టీలోనైనా, చర్చి పాటల బృందంలోనైనా, పేకాట బల్ల మీద సుద్దతో రాసిన జాబితాలోనైనా సరే, మనిషి తీరం మీద కాలు పెట్టేదాకా అతని పేరు అక్కడే ఉంటుంది. ఎపిఫానియా దుమలగన్ తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు ఊరి పండుగ జాబితాలో ఆమె తండ్రి పేరు మీద గీత గీశాడు. మనిషి ఊళ్లో లేడు గదా అన్నది అతని లెక్క. అప్పటికే చేపల వేట మీదున్న ఆమె తండ్రి పడవ ఇక తిరిగి రాలేదు. ఆ రెంటికీ సంబంధం ఉందని దీవిలో ఎవరూ నోరు విప్పి అనలేదు. ఆ తరువాత ఎవరూ గీత గీయనూ లేదు.

ఆ ఎపిఫానియాయే ముప్పై నాలుగేళ్లుగా అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి ఉపాధ్యాయిని. ఊరందరికీ పన్యాంగ్ మేడమ్. అరిగిపోయిన సుద్దముక్కలను సార్డీన్ చేపల డబ్బాలో దాచి, వేలికి అందనంత చిన్నవయ్యేదాకా వాడేది. సగం వాక్యంతో జవాబు చెప్పిన పిల్లను నిలబెట్టి మిగతా సగం కూడా చెప్పించేది. అలా నిలబడినవారిలో ఇప్పుడు తాతలైనవారు సైతం ఉన్నారు.

ఏటా ఫిబ్రవరిలో కడలి నిమ్మళించగానే కొన్ని కుటుంబాలు వంటపాత్రలతో సహా పడవలెక్కి దూరవేటకు తరలిపోయేవి. పిల్లలూ వెంట వెళ్లేవారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారానికి గానీ తిరిగి వచ్చేవారు కారు. ఆ ఏడు మూడో తరగతి హాజరుపట్టీలో ముప్పై ఒక్క పేర్లుండగా, అందులో తొమ్మిదిమంది అలా వెళ్లారు. విద్యా కార్యాలయం మూడేళ్లుగా పెడుతున్న వార్షిక పరీక్ష సరిగ్గా ఆ నెలలోనే వచ్చేది. మార్కులు నింపవలసిన పత్రం అడుగున లావుపాటి అక్షరాలతో ఒక ఆదేశం ఉండేది: ఏ గడీ ఖాళీగా విడువరాదు. పన్యాంగ్ ఆదేశాన్ని మీరే మనిషి కాదు. పేర్లు తీసివేసే మనిషీ కాదు. అందుచేత వెళ్లినవారి పేర్ల ఎదుట గుండ్రంగా, ముచ్చటగా, ఒక్కొక్క సున్నా చుట్టేది.

తరగతి సగటు ఒక ఏడు నలభై ఆరు, మరుసటి ఏడు నలభై ఐదు, ఈ ఏడు నలభై నాలుగు. ఈసారి కూడా యాభైకి తగ్గితే మూడు నుంచి ఆరు దాకా తరగతులను జలసంధి ఆవలి పెద్ద బడిలో కలిపివేస్తామని కార్యాలయం ముందే ఉత్తరం రాసింది. ఆవలి ఒడ్డు పడవ మీద ముప్పావు గంట. వానగాలి మొదలైతే వారాల తరబడి పడవ కదలదు. అంటే దీవిలో చదువు రెండో తరగతితో ముగుస్తుందన్నమాట. పన్యాంగ్ లోపం తనదేననుకుంది. ముసలితనం పైబడి పాఠం పలచబడిందేమోనని శనివారాలు కూడా తరగతులు పెట్టింది. వచ్చే ఏడు పదవీ విరమణ. వెళ్లిపోతూ బడిని మూసి వెళ్లినదాన్నవుతానన్న దిగులు ఆమెను లోలోపల తొలిచివేసింది.

ఫిబ్రవరి చివర తల్లిదండ్రుల ఎదుట బడి ఫలితాలు చదివి వినిపించే సభ జరిగింది. యువకుడైన ప్రధానోపాధ్యాయుడు రోడెల్ చార్టు మీద రంగు గీతలు చూపుతూ, మూడో తరగతిలో ముప్పై ఒక్కరికి సగటు నలభై నాలుగు అని దిగులుగా ప్రకటించాడు. ఆవలి ఒడ్డు నుంచి వచ్చిన పర్యవేక్షకురాలు మిసెస్ బుల్యావన్, పడవ కుదుపులకు తిరిగిన తల ఇంకా కుదుటపడక, కొబ్బరాకులో చుట్టిన జిగురుబియ్యం ముద్దను ముట్టకుండా కూర్చుంది. అప్పుడు వెనుక వరుస నుంచి నింఫా లేచింది. పిల్లలకు మధ్యాహ్నం గంజి కాచే తల్లుల్లో ఆమె ఒకతె. పన్యాంగ్ పూర్వ విద్యార్థినే.

"సార్, ఒక్క మాట. పరీక్ష రోజు గంజి నా వంతు. మూడో తరగతికి ఇరవై రెండు గిన్నెలే పోశాను. తక్కిన తొమ్మిదీ ఎవరు తాగినట్టు?"

"సారే తాగుంటారు, చూడు ఎలా బొద్దుగా అయ్యారో," అని ఎవరో గొణిగారు. సభ ఘొల్లుమంది. బుల్యావన్ మాత్రం నవ్వలేదు. మార్కుల పత్రం తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో గడి గడీ తడుముతూ తొమ్మిది సున్నాల దగ్గరా ఆగింది.

"వీళ్లు పరీక్ష రాశారా?"

"లేదు మేడమ్. వేటకెళ్లారు," అంది పన్యాంగ్.

"రాయనివాళ్లకి సున్నా ఎందుకు వేశారు?"

"గడి ఖాళీగా ఉంచొద్దని కింద ఉంది. అది మీ కార్యాలయం రాసిందే మేడమ్."

బుల్యావన్ ఆ లావుపాటి అక్షరాలను రెండుసార్లు చదివింది. తప్పు కొంత తమదేనని ఒప్పుకుని, ఆపైన మెల్లగా అంది: "సున్నా అంటే పిల్ల వచ్చి కూర్చుంది, ఒక్కటీ రాలేదు అని. ఖాళీ అంటే మనకి తెలీదు అని. మూడేళ్లుగా మీరు తెలీనిదాన్ని తెలిసినట్టు రాస్తున్నారు మేడమ్."

ముప్పై నాలుగేళ్లుగా పరుల తప్పులు దిద్దిన మనిషిని ఊరి ఎదుట ఒకరు దిద్దడం అదే మొదటిసారి. పన్యాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. అయితే ఆ దిద్దుబాటులో వంక పెట్టడానికేమీ లేదని గ్రహించిన మరుక్షణం, గుండె మీది బరువు దిగినట్టయింది. పాఠం పలచబడలేదు. ఆ తెరపికే ఆ తల తిరుగుతున్న మనిషికి ఆమె జన్మంతా ఋణపడింది.

బుల్యావన్ చార్టు వెనుక లెక్క వేసింది. పిల్లలు తెచ్చిన మార్కులు మొత్తం పదమూడు వందల అరవై నాలుగు. ముప్పై ఒకటితో భాగిస్తే నలభై నాలుగు. రాసిన ఇరవై రెండుతో భాగిస్తే అరవై రెండు. రాసినవారినే లెక్కించాలన్నది నిబంధన కనుక, పత్రంలో ఆ తొమ్మిది పేర్లూ కొట్టేసి పంపితే బడి నిలుస్తుందంది. రోడెల్ అప్పటికే కలం మూత తీసి పన్యాంగ్ చేతిలో పెట్టాడు.

ఆమె కలం పట్టుకుని తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటిగా చదివింది. తరువాత మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

"కొట్టను మేడమ్."

అది హాజరుపట్టీ కాదని, ఉత్త పత్రమని పర్యవేక్షకురాలు నచ్చజెప్పింది. గీత ఏ కాగితం మీదైనా గీతే అంది పన్యాంగ్. "తెలీదు అన్నారు కదా. తెలుసుకుందాం. మట్టల ఆదివారానికి వస్తారు. సోమవారం నేనే రాయిస్తాను."

విద్యా సంవత్సరం ముగిసేలోగా రాయించవచ్చని బుల్యావన్ అంగీకరించింది. కానీ ఒక షరతు పెట్టింది. "రాయిస్తే కలపాల్సిందే. బాగుంటే చూపించి, బాగోకపోతే దాచడం కుదరదు." ముప్పై ఒక్కరికి యాభై సగటు రావాలంటే ఆ తొమ్మిదిమందీ కలిసి నూట ఎనభై ఆరు తేవాలని అక్కడే గుణించి చెప్పింది. తక్కువైతే చేతిలో ఉన్న అరవై రెండు కూడా పోతుంది.

సభలో గుసగుసలు లేచాయి. అందరి మాటా నింఫాయే అంది. "మేడమ్, కోప్పడకండి. వచ్చే ఏడు మీరు ఇంట్లో కూర్చుంటారు. పడవెక్కేది మా పిల్లలు."

"నిజమే," అంది పన్యాంగ్. "మరి ఆ తొమ్మిదిమందీ ఎవరి పిల్లలు, నింఫా?"

వారిలో ఇద్దరు నింఫా చెల్లెలి కూతుళ్లు. ఆమె మెత్తబడింది. "సరే. అయితే చదువు వాళ్ల దగ్గరికే పంపండి. నెలన్నర వలలు లాగి, సోమవారం పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఏం రాస్తారు పాపం? తాసియో బాబాయ్ ఐసు పడవ మూడు రోజులకోసారి వేట దగ్గరికి వెళ్తుందిగా."

అలా మొదలైంది. పన్యాంగ్ ప్రతి తడవా తొమ్మిది పాఠాలు చేతితో రాసి, బిస్కట్ల డబ్బాలో పెట్టి, మూతకు మైనం పూసి ఇచ్చేది. తాసియో దాన్ని ఐసు మీద కాక తన ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేవాడు. తిరిగివచ్చే కాగితాల మీద చేపపొలుసులు అంటుకుని ఉండేవి, నూనె మరకలుండేవి, ఒకసారి ఒక పీతకాలు కూడా ఉంది. వేట పడవల మీద పాఠం చెప్పే బాధ్యతను సెవెరినో అనే తాత తీసుకున్నాడు. పన్యాంగ్ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, కూడికలు రాక రాత్రిబడికి వచ్చిన మనిషి అతను. మూడో వారం డబ్బాలో అతని చీటీ వచ్చింది: "మేడమ్, అయిదో లెక్క నాకు రాలేదు. పిల్లల్ని అడిగి నేర్చుకున్నాను. వాక్యం పూర్తిగానే రాశాను, చూసుకోండి." ఆమె ఆ చీటీని చూసి నవ్వి, ఎర్రసిరాతో సరి అని గుర్తు పెట్టి తిప్పి పంపింది.

మట్టల ఆదివారం నాడు పడవలు వచ్చాయి. సోమవారం ఉదయం తొమ్మిదిమందీ తలలకు కొబ్బరినూనె రాసుకుని, ఎండకు నల్లబడిన ముఖాలతో వచ్చి బల్లల దగ్గర కూర్చున్నారు. షరతు పెట్టిన మనిషి గనుక బుల్యావన్ కూడా పడవెక్కి వచ్చి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. ఆ రోజు గంజి నింఫా వంతు కాదు. అయినా పొద్దున్నే పొయ్యి రాజేసి, మూడో తరగతి కిటికీ కింద ముప్పై ఒక్క గిన్నెలు వరుసగా పేర్చింది.

మధ్యాహ్నం పన్యాంగ్ దిద్దింది. ఒక కాగితం మీద ఇరవై రెండు, ఇంకొక దాని మీద యాభై ఒకటి; నింఫా చెల్లెలి చిన్నకూతురికి పద్దెనిమిదే. ఆ పద్దెనిమిదినీ ఉన్నదున్నట్టు గడిలో వేసింది. తొమ్మిదీ కూడింది. నమ్మకం చాలక కింద నుంచి పైకి మళ్లీ కూడింది. మూడు వందల నలభై ఒకటి. బుల్యావన్ విడిగా భాగహారం చేసి కాగితం ముందుకు జరిపింది.

"యాభై ఐదు. శేషం కూడా లేదు మేడమ్."

పన్యాంగ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. బుల్యావన్ ఆ తొమ్మిది కాగితాలనూ పక్కపక్కన పరిచి చూపింది. లెక్కల్లో వీరు ఒడ్డున ఉన్నవారికి తీసిపోలేదు. పట్టిన చేపలను రోజూ బుట్టల్లోకి పంచే చేతులాయె. కథ చదివి జవాబు రాయమన్న చోటే తొమ్మిదిమందీ తడబడ్డారు. సున్నాలు చుట్టినన్నాళ్లూ ఈ సంగతి ఎవరి కంటా పడలేదు. "వచ్చే ఏడు డబ్బాలో కథలు ఎక్కువ పెట్టండి," అంది. ఆ తరువాతే గంజి అడిగి రెండు గిన్నెలు తాగింది.

ఏప్రిల్‌లో ఉత్తరం వచ్చింది. ఆరో తరగతి దాకా బడి దీవిలోనే ఉంటుంది. పన్యాంగ్ ఆ ఉత్తరాన్ని ముందు నింఫాకు, తరువాత రేవులో తాసియోకు, ఆపైన సెవెరినోకు చదివి వినిపించింది. అతనికైతే అతని చేతనే చదివించింది. ఎవరికి ఎంత ఋణపడిందో ఆమె నోటితో చెప్పలేదు. ప్రతివారి దగ్గరా అవసరానికి మించి కాసేపు కూర్చుంది. వారికి అర్థమైంది.

బిస్కట్ల డబ్బా నిండా ఎండుచేపలు కట్టి బుల్యావన్‌కు పంపించింది. వారం తిరక్కుండా డబ్బా వెనక్కి వచ్చింది. చేపల స్థానంలో సుద్దముక్కలు నిండుగా ఉన్నాయి. పైన కార్యాలయం కొత్తగా అచ్చువేయించిన మార్కుల పత్రం ఒకటుంది. దాని అడుగున లావుపాటి అక్షరాల్లో ఇలా ఉంది: పరీక్ష రాయని విద్యార్థి గడిని ఖాళీగా విడువవలెను, కారణము పక్కన రాయవలెను. పత్రానికి గుచ్చిన చీటీలో రెండే ముక్కలున్నాయి. చేపలు బాగున్నాయట. మార్కుల పత్రం పదిహేడో వరుసలో ఆమె వేసిన ఏడంకె ఒకటిలా కనబడుతోందట, ఇకపై దాని నడుమ అడ్డగీత పెట్టమని.

పన్యాంగ్ ఆ చీటీని తండ్రి ఫొటో వెనుక దాచుకుంది. మట్టల పండుగకు వచ్చినవారు మళ్లీ వేటకు బయలుదేరేది ఆ శనివారమే. ఆమె కూర్చుని తొమ్మిది కథలు రాసింది, ఏడంకె వచ్చిన చోటల్లా అడ్డగీత పెడుతూ. ఒక్కొక్క కథతో ఒక్కొక్క కొత్త సుద్దముక్క చుట్టి, డబ్బా మూతకు మైనం పూసి, రేవుకు నడిచింది.