బుగ్గకు మెత్తన, ట్రేకు గట్టి

ఆమెది చాదస్తమని స్టోర్సువారు అన్నారు, అదృష్టమని మేనేజరు అన్నాడు. రెండూ తప్పే. ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించే ఆ ఫిట్టరు, ట్రేను ఆపే ఏ స్టాపర్ బోల్టునైనా బిగించే ముందు దాని రబ్బరు తలను గోటితో నొక్కి, బుగ్గకు ఆనించి చూస్తుంది. ఆనాడు ఒక యంత్రంలో దూసుకొచ్చే ట్రే రబ్బరు లేని ఇనుప బోల్టుకు గుద్దుకుని, అందులోని గాజుసీసాలు పగులుతున్నాయి. సాయంత్రంలోగా పగుళ్లు ఆగకపోతే యంత్రం మూలకు చేరుతుంది, దాన్ని నడిపే ఆమె మరిది పని ఊడుతుంది. ఆమె బుగ్గకు నచ్చిన మెత్తటి రబ్బరు బోల్టు బిగించగానే ట్రే బంతిలా వెనక్కి ఎగిరింది, మళ్లీ సీసాలు పగిలాయి.

"వదినా, యంత్రమా ఉయ్యాలా ఇది?"

"వాగకుండా మీట నొక్కవయ్యా!" అంటూ ఆమె గట్టి రబ్బరుది బిగించింది. ట్రే దూసుకొచ్చి, చప్పుడు లేకుండా నిలిచింది. ఒక్క సీసా పగల్లేదు.

"ఆగింది వదినా, ఆగింది!" మరిది కేకకు షెడ్డంతా తిరిగి చూసింది. ఆమె చేసిందల్లా ఒకటే: తన బుగ్గను కాదని ట్రేను నమ్మింది.