ఎత్తి పోసుకున్న నీళ్ళు

నిన్న బాగేపల్లి బస్టాండులో మరుగుదొడ్లు కడుగుతున్న యాసిడ్ వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. బిడ్డకు నీళ్ళు పట్టబోయిన నా చెయ్యి ఆగిపోయింది. లక్ష్మమ్మవ్వ కళ్ళ ముందు నిలిచింది.

చింతామణి దగ్గర మా ఊరి భజన మందిరానికి ఆమే గురువు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో కీర్తనలన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నామం పలికే నోరు ఎంగిలి కాకూడదనేది ఆమె పట్టుదల. చెంబుకు పెదవి ఆనించానా, "నీళ్ళు తాగేదానికే రాదు, నీకు పాట యాడ వస్తాదమ్మా?" అని అందరినీ నవ్వించేది. తాను మాత్రం తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ధారగా గొంతులోకి పోసుకునేది. ఒక్క చుక్క పెదవికి తగిలేది కాదు.

ఏకాదశికి మందిరం కడగాలని యాసిడ్ తెచ్చి, ఖాళీ నీళ్ళ సీసాలో పోసి కిటికీలో పెట్టింది ఆమే. భజన ముగిశాక దాహమై, ఆ సంగతి మరిచి, తాగే నీళ్ళనుకుని అదే ఎత్తింది. ధార తిన్నగా గొంతులోకే పోయింది. కేక కూడా రాలేదు. తాళాలు కింద పడిన చప్పుడుకే మేము తిరిగి చూశాం. "ఉప్పునీళ్ళు తాపండి, కక్కితే పోతాది!" అన్నారెవరో. తాపించాం. చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ తల పట్టుకుంది. "కక్కించకూడదమ్మా. దిగేటప్పుడు ఒకసారి కాలింది, పైకొచ్చేటప్పుడు ఇంకోసారి." పెదవుల మీద చిన్న బొబ్బ కూడా లేదు. లోపల అన్ననాళమంతా పుండు.

పుండు మానేకొద్దీ దోవ ముడుచుకుపోయింది. గొట్టం దింపి వెడల్పు చేసేవారు, కొన్నాళ్ళకు మళ్ళీ ముడుచుకునేది. గంజి కడుపుకు పెట్టిన గొట్టంలో పోసేవాళ్ళం. ఆమె కోరిక ఒక్కటే, ఉద్ధరిణెడు తీర్థం నోటితో మింగాలి. హాలాహలాన్ని కంఠంలో నిలిపిన స్వామికి నంది కొండ కింది శివాలయంలో మొక్కుకుని, కైవారం గుడి నుంచి తీర్థం తెచ్చాను. ఈసారి అవ్వ కళ్ళు తెరిచి, ఉద్ధరిణికి పెదవి ఆనించింది. తీర్థం కాసేపు గొంతులో నిలిచి, దగ్గుతో ముక్కులోంచి తిరిగి వచ్చేసింది. నేను ఏడ్చాను.

"ఏడ్వద్దమ్మా," అంది బొంగురు గొంతుతో. "దేవుడు పెదవిని వాకిట్లో కాపలా పెట్టినాడు. ఎంగిలని నేనే దాన్ని పక్కకు తోసినాను. నువ్వు పెదవి ఆనించే తాగు."

ఆ చలికాలం ఆమె దాటలేదు. నేనడిగింది స్వామి ఇవ్వలేదు. అయినా ఆమె పెదవులు కడదాకా నామాన్ని వదల్లేదు, నేనూ వదల్లేదు.

బస్టాండులో సీసా వాసన చూశాను. ముందు నా పెదవి తడుపుకుని, ఆ తర్వాత బిడ్డకిచ్చాను. పక్కనామె ముఖం చిట్లించింది.

"బిడ్డకు ఎంగిలి తాపిస్తాండావే!"

"మా గురువు నేర్పిందమ్మా," అన్నాను.