సాయిలు బండి వణుకు

2023 వేసవి. అమీర్‌పేట నుంచి బల్కంపేటకు పోయే దారిలో, ఒక సందు చివర నా వర్క్‌షాప్. ఒకప్పుడు ఆ సందంతా షెడ్లే. పానాలు, జాకీలు ఒకరివి ఒకరం అడిగి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ స్థలాల్లో హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు లేచాయి. సందు నిండా మనుషులే. వాళ్ళలో ఎవరికీ నాతో మాట్లాడే పని లేదు.

వచ్చిన ప్రతి బండికీ నేను జాబ్ కార్డ్ రాస్తాను. ఫిర్యాదు, పరీక్ష, కారణం, చేసిన పని. నాలుగు గడులూ నింపనిదే తాళం తిరిగి ఇవ్వను. నేటి షెడ్లలో కారణం గడే మాయమైంది. ఏదో ఒక భాగం మార్చేసి, అది ఎందుకు చెడిందో తెలుసుకోకుండానే బండిని పంపేస్తున్నారు. దీన్ని మరమ్మతు అని పిలవడానికి నాకు నోరు రాదు.

శ్రీనగర్ కాలనీలో క్యాటరింగ్ నడిపే ప్రసాద్ గారు ఒకనాటి మధ్యాహ్నం తన పికప్ బండితో వచ్చారు. నడిపినవాడు సాయిలు, అరవై దాటిన డ్రైవర్.

"బ్రేకు వేస్తే బండి వణుకుతోందంటాడండీ మేస్త్రీగారూ. రెండు చోట్ల చూపించాను, బండి బాగానే ఉందన్నారు. నాకేమో ఇతని చేతులే వణుకుతున్నాయనిపిస్తోంది. మీరూ ఆ మాట చెప్పేస్తే వేరే కుర్రాణ్ణి పెట్టుకుంటాను" అన్నారాయన, సాయిలు పక్కనే ఉండగా.

సాయిలు రెండు చేతులూ చాపాడు. "సూడుండ్రి సార్, వణుకుతున్నయా? గా షెడ్డోళ్ళు ఖాళీ బండిని గల్లీల ఒక్క చక్కర్ కొట్టి, ఏం లేదు పో అన్నరు. నా మాట ఒక్కడు సుత వింటలేడు."

"కాఫీ గ్లాసు పట్టుకో, అప్పుడు తెలుస్తుంది" అని ప్రసాద్ గారు నవ్వారు.

"మీరే గ్లాసు పట్టుకొని నా పక్కన కూసోండ్రి. ఫ్లైఓవర్ దిగేసరికి కాఫీ మీ అంగి మీదుంటది."

నాకు నవ్వు రాలేదు. ఒక్క చక్రమైనా విప్పి చూడకుండా ఒక మనిషి బతుకుతెరువుకు తీర్పు చెబుతున్నారు. బరువు మోసే బండిని బరువుతోనే పరీక్షించాలి. ప్రసాద్ గారిని షెడ్డులోనే కూర్చోబెట్టి, ఆయన వంటపాత్రలు తెప్పించి బండిలోకి ఎక్కించి, నేను సాయిలు పక్కన కూర్చున్నాను.

బేగంపేట వైపు వెళ్ళేటప్పుడు బ్రేకు మెత్తగానే పడింది. సాయిలు మొహం వాడిపోయింది. తిరుగుదారిలో ట్రాఫిక్ మొదలైంది. ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ అతను బ్రేకు తొక్కగానే స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంది. వెనక పాత్రలు గలగలమన్నాయి.

"ఇగో! ఇగో సార్! గిప్పుడు సూడుండ్రి!"

అతని గొంతులో భయం లేదు, పండగ ఉంది. నేనూ స్టీరింగ్ మీద చేయి వేశాను. ఆ వణుకు చక్రం నుంచే వస్తోంది. అతను మాత్రం బండిని గీత దాటనివ్వకుండా దించాడు.

షెడ్డుకు చేరాక, డయల్ గేజ్ తేవడానికి లోపలికి వెళ్ళాను. చక్రంతోపాటు తిరిగే డిస్క్ ఎంత వంకరగా ఉందో ముల్లు కదలికతో చూపే పరికరమది. బయట సుయ్యిమని చప్పుడైంది. వచ్చి చూస్తే ముందుచక్రం నుంచి ఆవిరి లేస్తోంది. సాయిలు చేతిలో ఖాళీ బకెట్.

"ఏం చేశావు?"

"రోజూ చేసేదే సార్. పని కాంగనే బండి కాళ్ళ మీద నీళ్ళు పోస్త. మా నాయిన ఎడ్లకు గిట్లనే పోస్తుండె. పొద్దంత ఉరికినయ్, మండవా?"

చక్రం విప్పాను. డిస్క్ మీద నీలపు మచ్చలున్నాయి. గేజ్ ముల్లు ఊగిసలాడింది. బ్రేకులతో కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే అది అన్నివైపులా ఒకేలా చల్లారదు, వంకరపోతుంది. బ్రేకు మళ్ళీ వేడెక్కగానే ఆ వంకర చేతుల దాకా వస్తుంది. ఇదంతా చెప్పేసరికి సాయిలు బకెట్ పక్కన పెట్టేశాడు.

"అంటే నేనే చెడగొట్టిన్నా? సార్, గది మాత్రం కాగితం మీద రాయకుండ్రి. నౌకరీ పోతది."

"రాయకపోతే కొత్త డిస్కులూ ఇలాగే పోతాయి. అప్పుడు మళ్ళీ నీ చేతులవైపే చూస్తారు" అని, మూడో గడిలో ఉన్నదున్నట్టు రాశాను.

ప్రసాద్ గారు కార్డ్ చదివారు. "అయితే తప్పు ఇతనిదేగా మేస్త్రీగారూ!"

"చక్రం విప్పకుండా బాగుందన్నవాళ్ళదండీ తప్పు. వాళ్ళను నమ్మిన మీది కూడా. బండి చెడిందని మొదటినుంచీ చెబుతున్నది ఇతనొక్కడే. నీళ్ళ సంగతి ఇతనికెవరు చెప్పారు? అంత వణుకులోనూ మీ పాత్ర ఒక్కటీ దొర్లకుండా బండిని ఫ్లైఓవర్ దించాడు. మీ కుర్రాణ్ణి తీసుకురండి, పాత డిస్కులతోనే దించమనండి. నేను పక్కన కూర్చుంటాను."

ఆయన కార్డ్ నాకు తిరిగిచ్చారు. "సరే, డిస్కులు మార్చండి" అన్నారు చివరికి. తరవాత సాయిలు వైపు తిరిగి, "ఎల్లుండి పెళ్ళివంట ఉంది. తెల్లారేసరికి రా" అని వెళ్ళిపోయారు.

కొత్త డిస్కులు బిగించి తాళం ఇస్తూ, చక్రం పూర్తిగా చల్లారేదాకా నీళ్ళు పోయవద్దని సాయిలుకు చెప్పాను. అతను తల ఊపాడు గాని కదలలేదు.

"మరి గప్పటిదాంక ఏం చెయ్యాలె సార్?"

"ఇంటికి వెళ్ళు."

"ఇంట్ల ఎవరున్నరు? నా పెండ్లాం పోయినంక, నీళ్ళు తాగినవా అని నన్ను అడిగేటోళ్ళు లేరు. నేను అడిగేటందుకు గీ బండి దప్ప ఎవ్వరు లేరు."

ఏ గడిలోనూ ఆ మాటకు చోటు లేదు. షెడ్డు తాళం వేసి నేను వెళ్ళే ఇల్లూ అలాంటిదే.

బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతుందని అడిగితే చాలనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇప్పుడు ప్రతి డ్రైవర్నీ మరొకటి కూడా అడుగుతున్నాను: ఇంజన్ ఆపాక ఏం చేస్తారు? మొదట వింతగా చూస్తారు. తరవాత చెప్పడం మొదలుపెడతారు. అందులో బ్రేకులకు పనికొచ్చేది కొంచెమే. అయినా మధ్యలో ఆపను. వాళ్ళు పూర్తిచేసేదాకా వింటాను.