సంతకెక్కిన మోదుపే బట్టలు

లాగోస్ నగరం ముషిన్ పేటలో మోదుపే బీరువా తలుపు తీస్తే, తెల్లారిందనుకుని వీధి చివరి కోళ్ళు కూసేవి. అన్ని రంగులుండేవి అందులో. లాగోస్‌లో పెళ్ళైనా చావైనా చుట్టాలూ స్నేహితులూ అందరూ ఒకే తాను గుడ్డ కుట్టించుకోవాలి కదా! పేటలో ఏ వేడుకకైనా మోదుపేదే వంట. ఆవిడ టమాటాలతో ఎర్రగా వండిన జొల్లోఫ్ అన్నం గుండిగ దించితే పెళ్ళికొడుకు కూడా పెళ్ళికూతురి చెయ్యి వదిలేసి పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడేవాడు. వండిన చోటల్లా చుట్టరికం కలిసింది, కలిసిన చోటల్లా గుడ్డ వచ్చింది. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ బరువుకి ఒకసారి గోడ పక్కగదివైపు వాలిపోయిందనీ, అవతలివాళ్ళు మంచం అడ్డంపెట్టి దాన్ని ఆపారనీ చెప్పుకుంటారు. ఆ మంచం ఇప్పటికీ వంకరే.

ఇప్పుడు ఆ బీరువాని ఖాళీ చెయ్యాలి. కెనడాలో ఒక పెద్ద వంటశాలలో మోదుపేకి ఉద్యోగం దొరికింది. శుక్రవారం విమానం. ఆ సంగతి తెలిసిన ప్రాణి భూమ్మీద మోదుపే ఒక్కతే.

పేటలో ఎవరూ విమానం గాల్లోకి లేచేదాకా ప్రయాణం మాట ఎత్తరు. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? వెనకవీధి మెకానిక్ ఆనందం పట్టలేక తన వీసా సంగతి మేకకి చెప్పుకున్నాడట. మేక ఒక్కసారి దగ్గింది, విమానం ఇంజను కూడా దగ్గి ఆగిపోయింది. ఆ మేక ఇంకా బతికే ఉంది, నమ్మనివాళ్ళు వెళ్ళి అడగవచ్చు.

అందుకే మోదుపే ఫోను కట్టేసింది. తలుపు గడియ వేసుకుని బట్టలు ఏరింది. పోనీ అవి పక్కవాళ్ళకి ఇద్దామా అంటే, తొడిగిన గుడ్డలో చెమట ఉంటుంది, చెమటలో మనిషి ఉంటుంది. దానికి ఎవరైనా నాలుగు మంత్రాలు చదివి ముడి వేశారంటే విమానాశ్రయంలో కాలు కదులుతుందా? ఇరుగుపొరుగుకి చేతిరుమాలు కూడా దక్కకూడదు. తన ముఖం ఎరగని చోట వదిలించుకోవాలి.

బట్టలు బియ్యం సంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగది సెమిరా వాళ్ళమ్మ నడవాలో కూర్చుని అలసందలు ఏరుతోంది.

"ఏం వదినా, నిన్నొక సంచి, ఇవాళొక సంచి! అందరిళ్ళకీ బియ్యం లోపలికొస్తాయి, నీ ఇంట్లోంచి బయటికి నడుస్తున్నాయేంటి?"

"పురుగు పట్టాయి."

"పురుగుకి లేసు అంచు కూడా ఉందే!"

సంచి మూతిలోంచి గులాబీరంగు లేసు తొంగిచూస్తోంది. మోదుపే దాన్ని లోపలికి పొడిచి, "బాగా తిని బలిసిన పురుగులే" అని సాగిపోయింది. దారంతా ఒకటే గుబులు. దీనికెందుకింత ఆరా?

ఊరికి ఆ కొసన పాతబట్టల సంత. మోదుపే ముక్కుదాకా గుడ్డ చుట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టి, గొంతు బొంగురు చేసి, రోజుకొకటిగా తెచ్చిన సంచులన్నీ కుబురా అనే వ్యాపారస్తురాలికి అంటగట్టింది. ఇక తనని పట్టుకునేవాడు పుట్టలేదనుకుంది.

బుధవారం మోదుపే పిన్ని అబేని అదే సంతకి వచ్చింది. కుబురా కొట్టు ముందు వేలాడుతోంది, తన తల్లి చావుకి కుటుంబమంతా కట్టిన నీలిమందు గుడ్డ. పక్కన చుట్టాల పెళ్ళిళ్ళ గుడ్డలన్నీ వరసగా, ఒకే కొలతతో. ఆ భుజాల వెడల్పు లాగోస్ మొత్తంలో అక్క కూతురిదే. మనిషి బట్టలన్నీ ఒక్కసారిగా ఇల్లు దాటాయంటే ఆ మనిషి పోయినట్టే. ఫోను చేస్తే పలకదు. ఇంకేముంది?

"మోదుపే పోయిందర్రోయ్!" అని అబేని పెట్టిన కేకకి సముద్రంలో పడవలు దారి తప్పాయి. దొరికిన చుట్టాలనల్లా పోగేసి, కుబురాని మూటతో సహా వ్యానెక్కించి ముషిన్‌లో దిగింది.

నడవాలో మోదుపే అరటికాయ ముక్కలు వేయిస్తోంది.

"అమ్మో! చచ్చి కూడా వేపుడు మానలేదు!" అని అబేని వెనక్కి పడబోయింది. ఎవరో ధైర్యం చేసి మోదుపేని గిల్లారు. ఆవిడ తిట్టిన తిట్టు విన్నాక, బతికే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

అబేని ఏడుపు అక్కడికక్కడే ఆగింది. "బతికుంటే నీ బట్టలు సంతలో ఏం చేస్తున్నాయే?"

నడవాలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అన్ని కళ్ళూ తనమీదే.

"దొంగలు పిన్నీ! ఊడ్చుకుపోయారు!" అనేసింది మోదుపే.

వెంటనే జనమంతా కుబురావైపు తిరిగారు.

"నాకు అమ్మింది ఈవిడేనమ్మా, ఇవే భుజాలు! నల్లద్దాలు పెట్టుకుని మగగొంతుతో మాట్లాడింది!"

"మా అక్కకి మగగొంతా? దొంగముండా!" అంటూ చుట్టాల కుర్రాళ్ళు కర్రలు అందుకున్నారు. ఒకడు పాత టైరు దొర్లించుకొచ్చాడు. ఆ పేటలో దొంగ పక్కకి టైరు వచ్చిందంటే దాని వెనకే కిరోసిన్ వస్తుంది.

కుబురా అరవడం మానేసింది. మోదుపే వంకే చూస్తోంది.

నోరు విప్పితే ఇన్నాళ్ళూ దాచిందంతా ఇంతమంది నోళ్ళలో పడుతుంది. విప్పకపోతే ఈ మనిషి ఈ గుమ్మం ముందే కాలిపోతుంది. మోదుపే లేచి టైరుని ఒక్క తన్ను తన్నింది.

"వదలండి దాన్ని! దొంగల్లేరు, గింగల్లేరు. నేనే అమ్మాను. కెనడా వెళ్ళిపోతున్నాను."

మూకుడులో అరటికాయ మాడుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

"ఎప్పుడు?" అంది సెమిరా వాళ్ళమ్మ.

శుక్రవారమన్న మాట నాలుక కొసకి వచ్చింది. మోదుపే దాన్ని మింగేసింది. "వచ్చే నెల."

"మా అమ్మ చావుగుడ్డ బరువైపోయిందా నీకు?" అంది అబేని. "నాకిస్తే దాచనా? నన్ను కూడా అనుమానించావా?"

"నిన్ను కాదు పిన్నీ..."

"మరెవర్ని?"

మోదుపే మాడిన ముక్కలు తిరగేసింది. అబేని మూటలోంచి నీలిగుడ్డ లాగి చంకలో పెట్టుకుంది. ప్రాణం దక్కిన కుబురా దాని డబ్బు అడక్కుండా మిగతా మూట కట్టుకుంది.

"సరే, వెళ్ళే పిల్ల. అందరూ కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం" అంది అబేని. "వచ్చే నెల దీని విమానానికి అడ్డొచ్చే చెయ్యి విరగాలి!"

"ఆమేన్!"

"అడ్డొచ్చే నోరు పడిపోవాలి!"

"ఆమేన్!"

మోదుపే ఒక కన్ను తెరిచింది. ఎవరి ఆమేన్ వెనకబడుతోందో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చింది. చివర్లో సెమిరా వాళ్ళమ్మ. ఆవిడా ఒక కన్ను తెరిచే ఉంది. ఆ చూపు మోదుపే గది తలుపు సందులోంచి, తాళ్ళు బిగించి గుమ్మం పక్కన సిద్ధంగా నిలబెట్టిన పెట్టెల మీద ఉంది. తర్వాత నెమ్మదిగా మోదుపే మీదికి వచ్చింది.

ఇద్దరూ ఒకేసారి కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాతి ఆమేన్ అందరికంటే గట్టిగా పలికింది సెమిరా వాళ్ళమ్మే. ఏ రోజు ప్రయాణానికి పలికావని అడిగే ధైర్యం మాత్రం మోదుపేకి లేకపోయింది.