కూలర్‌కి జీవరాజు మాస్టారు వేసిన మార్కులు

జీవరాజు మాస్టారు రాజమండ్రి మిషన్ స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు గానీ మార్కులు వేయడం మాత్రం మానలేదు. ఉప్మాకీ, పాస్టరుగారి ప్రసంగానికీ, సిటీ బస్సుకీ, అన్నింటికీ పాతిక మార్కుల పేపరే. ఒకసారి వేసిన మార్కు మార్చిన పాపాన పోలేదు.

కొడుకు సుకుమార్ పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఎండలకి కంప్యూటరు కాగిపోయి పని మధ్యలో ఆగిపోతోందని, లోపలి ప్రాసెసర్‌ని చల్లబరచడానికి పెద్ద కూలర్ తెప్పించి బిగించాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని దాని ముందు కూర్చున్నారు. రెండు రేకుల దొంతరలు, వాటిలో దూరిన రాగి గొట్టాలు, రెండు ఫ్యాన్లు. గాలి ఇటు దూరి అటు తిన్నగా పోతోంది, చప్పుడు లేదు. స్క్రూ బిగించాలంటే ఫ్యాను ఊడదీయాలి, అందుకో మార్కు కోత. బరువంతా నిలువు బోర్డుకి వేలాడుతోంది, ఇంకో మార్కు. మొత్తం ఇరవై మూడు.

"తలుపు పట్టట్లేదు నాన్నా," అన్నాడు సుకుమార్. కూలర్ పొడుగుకి కంప్యూటరు కేబినెట్ తలుపు మూతపడలేదు.

"అది కేబినెట్ తప్పు. దాని పేపరు వేరు."

మాస్టారి భార్య దేవకుమారి ఏ యంత్రాన్నీ బోసిగా ఉండనివ్వదు. మిక్సీకీ, ఫ్రిజ్జుకీ ఆవిడ అల్లిన క్రోషియా కవర్లే. శుక్లాల ఆపరేషనయ్యాక అల్లిక చేతికి రావడం లేదని సూది పక్కన పెట్టేసి, దిగులుగా తిరుగుతోంది. తెరిచి ఉన్న కంప్యూటర్ని చూడలేక మళ్ళీ సూది పట్టి, రెండు రోజుల్లో గులాబీల అంచుతో కవరల్లి తొడిగింది. ఒక్క ముడి తప్పలేదు. మాస్టారు ఆవిడ కంటే ఎక్కువ సంతోషపడ్డారు.

ఆ సాయంత్రానికే ఫ్యాను గులాబీలను లోపలికి లాక్కుంది. గాలాడక కంప్యూటరు ఆగిపోయింది. వీడియో ఏమో మర్నాడే ఇవ్వాలి.

"అమ్మా, నీ కవరు..." అని సుకుమార్ మొదలెట్టాడు. ఆ మాట పూర్తయితే ఆవిడ ఇక సూది ముట్టదని మాస్టారికి తెలుసు.

"కవరు బాగానే ఉంది. కూలర్ డిజైనే బాలేదు," అన్నారు అడ్డొచ్చి. "గుడ్డ కప్పితే ఓర్చుకోలేని వస్తువు ఇంట్లోకి పనికిరాదు. ఎనిమిది మార్కులు."

"మొన్న ఇరవై మూడన్నారు కదండీ?" అంది దేవకుమారి.

"మళ్ళీ దిద్దాను."

ఆవిడ ఆయన మొహంకేసి కాసేపు చూసింది. తర్వాత తనే కవరు తీసి, నలిగిన గులాబీని వేలితో సాపు చేసుకుంది.

"ఇది కుట్టుమిషనుకి సరిపోతుంది లెండి. కూలర్ మార్కులు దానికిచ్చేయండి, పాపం."