అద్దంలో మేసిన ఆవులు

ఒక్క ఫోటోతో మా నాన్న మగ్గాన్ని మూలకు కూర్చోబెట్టబోయిన ఘనత నాది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఇన్ని మగ్గాలున్నాయి, ఇంతమంది ఆడపిల్లలున్నారు, ఇలాంటి పని ఇంకెవరూ చేసి ఉండరు. ఇందులో అసలు సిగ్గుచేటు ఏమిటంటే, ఆ ఫోటోలో దాచవలసినవన్నీ నేను చాలా జాగ్రత్తగా దాచాను.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీకి ఎవరో వచ్చి ఆన్‌లైన్ జాగ్రత్తల గురించి ఒక పూట చెప్పి వెళ్లారు. ఆ ఒక్క పూటతో నేను సర్వజ్ఞురాలినైపోయాను. గ్రూపులో ఆధార్ కార్డు ఫోటో పెట్టిన పిన్నిని ఏడిపించాను. బండి నంబరు కనబడేలా ఫోటో పెట్టిన చంద్రప్ప మామను వీధిలో నిలబెట్టి కడిగేశాను. నేను ఎదురొస్తే జనం ఫోను జేబులో దోపుకునేవాళ్లంటే నమ్మండి.

ఇక మా నాన్న. పట్టుచీరలు బాగా నేస్తాడు, గొప్పలు ఇంకా బాగా చెప్తాడు. నెమళ్లూ హంసలూ నేసి నేసి విసుగెత్తి ఉన్న రోజుల్లో పుంగనూరులో మా అత్త ఇంటికి వెళ్లి, అక్కడి పొట్టి ఆవులను చూసి మనసు పారేసుకున్నాడు. "వీటిని అంచు మీద నడిపిస్తా సూడు" అన్నాడు. నిజంగానే నడిపించాడు. అంచు పొడవునా వెనక్కి తిరిగి చూసే బుల్లి ఆవు, దాని వెంట దూడ, వాటి కాళ్ల కింద మెలికలు తిరిగిన తీగ.

"ఆ తీగ యాడిది నాయనా?" అని అడిగాను.

"మన ఇంట్లో పెరిగిందేలేమ్మా" అన్నాడు. మా ఇంట్లో కరివేపాకు తప్ప ఏమీ పెరగదు. కవిత్వం చెప్తున్నాడనుకుని ఊరుకున్నాను.

ఆ చీర కుప్పంలో బట్టల అంగడి పెట్టుకున్న మస్తాన్ భాయ్ కోసం. ఆయన ముందే తేల్చి చెప్పాడు. "అప్పా, ఈ డిజైన్ నా అంగట్లోనే ఉండాల. అట్లుంటే ఏడాదంతా నీ మగ్గానికి నాదే పని. ఇంకో తావ కనబడిందా, బస్, ఖతం!" ఏడాదంతా పని అంటే మా ఇంట్లో పండగే. అందుకే ఆ మగ్గం ఉన్న గదిలోకి చుట్టాలను కూడా రానివ్వలేదు నాన్న.

ఒక సాయంత్రం ఆయన నేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. మొహం నిండా చెమట, అటూ ఇటూ దారపు నాడె విసిరే చెయ్యి, తనలో తను నవ్వుకుంటున్న మీసం. గర్వంతో నా గుండె పొంగిపోయింది. ఇలాంటి నాన్న ఉండి లోకానికి చూపించకుండా ఎలా ఉండడం?

"నాయనా, ఒక్క ఫోటో."

"వద్దమ్మా. మస్తాన్ భాయ్ ఊరుకోడు."

"బట్ట కనబడకుండా నల్లగా పూసేస్తా కదా. నాకు తెలీదా?"

"నీకు తెలీనిది ఏముండాదిలే" అంటూ ఆయన అప్పుడే మీసం దువ్వుకోవడం మొదలుపెట్టాడు.

ఫోటో తీశాను. మగ్గం మీద బట్ట అంతా ఫోనులో నల్లరంగు పూశాను. పైన డిజైనుకు చిల్లులు కొట్టిన జాకార్డు అట్టలకు కూడా పూశాను. క్యాలెండరు మీద అంగడివాళ్ల ఫోను నంబరు చెరిపేశాను. కిటికీలోంచి ఎదురింటాయన లుంగీ కనబడుతుంటే దాని మీద ఒక పొద్దుతిరుగుడు పువ్వు అంటించాను. ఇంత చేసి, "మా నాన్న, మా గర్వం" అని రాసి ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టేశాను. లైకులే లైకులు.

మర్నాడు చంద్రప్ప మామ ఫోను చేశాడు. ఆయనా నేతగాడే.

"లలితమ్మా, ఫోటో బాగుండాది. ఆవులు ఇంకా బాగుండాయి."

"ఏ ఆవులు మామా?"

"మగ్గం కింద మేస్తాండాయే, అవి."

ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. మీకు చెప్పలేదు కదూ, మా దగ్గర పట్టుచీర బోర్లా నేస్తారు. పైకి కనబడేది వెనక వైపు. బొమ్మ సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి మగ్గం కింద ఒక అద్దం ఒరిగించి పెట్టుకుంటారు. చీర ముఖమంతా ఆ అద్దంలో ఉంటుంది. చిన్నప్పుడు దాంట్లోనే చూసుకుని జడ వేసుకున్నదాన్ని నేను. పుట్టినప్పటినుంచీ చూస్తున్న అద్దం కాబట్టే ఆ రోజు నా కంటికి ఆనలేదు. పైన అంత నల్లరంగు పూసి, కింద ఆవుల మందను బజార్లోకి తోలాను.

ఫోటో తీసేశాను. ఎవరికీ చెప్పకుండా దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. చీర మగ్గం దిగాక నాన్న దాన్ని తనే మడిచి, నన్ను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాడు. "నువ్వు ఉండాల్సిందే" అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

అంగట్లో మస్తాన్ భాయ్ మొహం మాడిపోయి ఉంది. కిందనుంచి ఒక చీర తీసి మా ముందు పడేశాడు. ఆవులు. దూడలు. తీగ.

"ఏమప్పా, ఇట్లా చేస్తివే? నిన్న ఒక వ్యాపారి తెచ్చినాడు. పవర్‌లూమ్ సరుకు. తన సొంత డిజైన్ అంటాండాడు."

నాన్న వంగి ఆ చీర అంచును వేలితో తడిమి చూశాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన తప్పేం లేదు భాయ్, నేనే ఫోటో పెట్టినా. అద్దం చూసుకోలేదు" అని మొత్తం కక్కేశాను.

నాన్న నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. "ముందు మన చీర విప్పమ్మా" అన్నాడు.

విప్పాను. మగ్గం మీదా, అద్దంలోనూ ఎప్పుడూ తిరగబడే కనబడిన తీగ మొదటిసారి తిన్నగా కనబడింది. అది తీగ కాదు. లలిత, లలిత, లలిత అని కొంగు దాకా నా పేరు. మన అక్షరాలు గుండ్రం కదా, తిరగేస్తే అచ్చం తీగే.

నాకు అప్పుడు వెలిగింది. ఆ వ్యాపారి తెచ్చిన చీరను ఫోటో తీసి, ఫోనులో ఎడమను కుడికి తిప్పి, మస్తాన్ భాయ్ ముందు పెట్టాను. దాంట్లోనూ లలిత, లలిత, లలిత. ఆ మహానుభావుడు అద్దంలో బొమ్మను ఉన్నదున్నట్టు కంప్యూటర్‌కెక్కించి నేయించాడన్నమాట!

మస్తాన్ భాయ్ వెంటనే అతనికి ఫోను కలిపాడు. "ఏమయ్యా, నీ అంచు కింద అదేంది?"

"తీగ భాయ్. నా సొంత ఐడియా."

"అరే, నీ తీగ ఈడ నా అంగట్లో నిలబడి ఏడుస్తాండాది కదప్పా!"

ఏడాది పని మాకే వచ్చింది. తిరుగు బస్సులో నాన్న కండక్టరు దగ్గరనుంచి వెనక సీటు ముసలమ్మ దాకా అందరికీ చీర కథ చెప్పాడు. "ఈ పాపే ఆ తీగ" అని నన్ను చూపించాడు. సిగ్గుతో చచ్చాను, గర్వంతో మళ్లీ బతికాను.

అందుచేత మగ్గం మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను. అద్దం, స్టీలు బిందె, నల్ల కళ్లజోడు, ఆఖరికి బకెట్టులో నీళ్లు కూడా వెతికి చూడకుండా ఈ జన్మలో ఇంకో ఫోటో పెట్టను. మీకు ఎక్కడైనా పెళ్లిలో ఒకావిడ చీర అంచు మీద అర్థంకాని తీగ కనబడితే మాత్రం ఒకసారి అద్దం పట్టి చూడండి. అది నేనే.