అమెరికా వీధిలో నా ముఖం

సినిమాల్లో నా వీపు చాలాసార్లు కనిపించింది. పెళ్లి పందిట్లో, కోర్టు హాల్లో, ఆసుపత్రి వరండాలో, గుంపు ఎక్కడ కావాలంటే అక్కడ. ముఖం మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. అమీర్‌పేటలో బట్టలు కుట్టే మా ఆయన ప్రతి సినిమా చూశాక అదే మాట అనేవాడు.

"నీ వీపు మస్తు యాక్ట్ చేసిందే. గా వీపుకే అవార్డియ్యాలె."

నవ్వుతూనే అనేవాడు. అయినా, ఆయన ఆ మాట అన్న ఏ ఒక్కసారినీ నేను మరిచిపోలేదు. అందుకే అమెరికా వీధిలో, నాటకశాల ముందు టికెట్ల వరసలో నన్ను మొదటి మనిషిగా నిలబెట్టినప్పుడు, ఈసారి ఎలాగైనా నా ముఖం తెరమీద పడాల్సిందే అనుకున్నాను.

ఆ వీధి సెట్టును మా కృష్ణానగర్ పక్కనే ఒక స్టూడియోలో వేశారు. అమెరికాలో ఏదో నగరంలో నాటకశాలలు, పాటల క్లబ్బులు, చిత్రపటాలు పెట్టి చూపించే గదులు అన్నీ ఒకేచోట ఉండే పేట అట. బయట పంజాగుట్ట వైపు నుంచి హారన్ల మోత, మండే ఎండ. రేకుల తలుపు మూసేసరికి లోపల రాత్రి. తడిపిన నల్ల రోడ్డు మీద ఎరుపు, నీలం దీపాల అక్షరాలు తలకిందులుగా వణుకుతున్నాయి. పైనుంచి థర్మాకోల్ మంచు, తొందరేమీ లేనట్టు రాలుతోంది. పొద్దున దిష్టికి గుమ్మడికాయ కొట్టిన నాటకశాల మెట్టు మీద కుంకుమ ఇంకా పోలేదు. దానిమీద కూడా మంచు పడింది. క్లబ్బు తలుపు వెనక ప్లైవుడ్డు, మేకులు, ఒక టీ ఫ్లాస్కు తప్ప ఏమీ లేవని అందరికీ తెలుసు. అయినా అటు చూస్తే లోపల ఎవరో పాడుతున్నట్టే ఉండేది. నేను మా చర్చిలో పాడేదాన్ని కాబట్టి ఆ లేని పాటకు రాగం కూడా ఊహించుకున్నాను. పొడుగు పసుపు కోటు వేసుకుని, ఎన్నడూ చూడని ఊళ్లో, ఎప్పటినుంచో అక్కడే ఉంటున్నదానిలా నిలబడ్డాను.

అప్పుడు మా గుంపును తెచ్చిన ఏజెంటు, తెల్లగా ఉన్న ఒక కొత్త పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

"అక్కా, నువ్వు జర పక్కకు జరుగు. గా పూలబండి ఎనక నిలవడు."

"ఎందుకు? నన్నీడ పెట్టింది నువ్వే గదా?"

"గిది అమెరికా అక్కా. ముందల రిచ్ మొహాలు గావాలె. నిన్ను జూస్తే రేషన్ షాపు లైనే యాదికొస్తది."

"అమెరికాల గరీబోళ్లు నాటకం చూడరా?"

"చూస్తరు. ఎనక నిలవడి చూస్తరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. నా చోట్లోకి ఆ పిల్ల వచ్చింది. నేను పూలబండి వెనక్కి వెళ్లాను.

గుంపులో నిలబడేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. హీరో మాటలు రికార్డవుతున్నంతసేపు మేం చప్పుడు చేయకూడదు. కానీ మాట్లాడుతున్నట్టు పెదాలు కదపాలి, చేతులు తిప్పాలి, మధ్యలో నవ్వాలి. గొంతు బయటికి రాదు కాబట్టి ఎవరి అలవాటు వాళ్లది. కొందరు ఎక్కాలు చెప్పుకుంటారు, కొందరు కూరగాయల పేర్లు. నేను కీర్తనలు చెప్పుకునేదాన్ని. ఆరోజు కీర్తన నోటికి రాలేదు. పక్కనే మా గల్లీ పెద్దావిడ ఉంది. షాట్ మొదలవగానే ఆవిడకు ఏజెంటు చేసిన అన్యాయాలన్నీ, గొంతు లేకుండా, మొదటినుంచి చెప్పాను. నన్ను వదిలేసి వ్యాన్ పోనిచ్చిన సంగతి, నా బిర్యానీ పొట్లం ఇంకొకరి చేతిలో పెట్టిన సంగతి, ఇప్పుడీ రేషన్ షాపు మాట. వేళ్లు మడుస్తూ చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. మంచు మా ఇద్దరి మధ్య మెల్లగా పడుతూనే ఉంది. కలలో అరిస్తే నోరు తెరుచుకుంటుంది గానీ గొంతు రాదు చూడండి, అలా ఉంది.

కట్ అన్నాక అసిస్టెంట్ డైరెక్టర్ మా దగ్గరికి వచ్చాడు.

"ఏంటండీ, ఇంత బాగా మాట్లాడుకుంటున్నారు! నిజంగా ఇద్దరు స్నేహితులు నాటకానికి వచ్చినట్టే ఉంది. కెమెరా ఇటు తిప్పుతున్నారు. మళ్లీ అదే చేయండి, ఏమీ మార్చకండి."

"నేనే ఈడ నిలవెట్టిన సార్," అన్నాడు ఏజెంటు, ఎక్కడినుంచి ఊడిపడ్డాడో.

రెండోసారి చెప్పినప్పుడు ఆ ముక్క కూడా కలిపాను.

సినిమా విడుదలయ్యాక మా ఆయనతో కలిసి అమీర్‌పేటలోనే మధ్యాహ్నం ఆటకు వెళ్లాను. ఆ వీధి వచ్చింది. మంచు వచ్చింది. తర్వాత తెరనిండా నా ముఖం. నీలం దీపం ఒక చెంప మీద, ఎర్ర దీపం ఒక చెంప మీద. అది నేనేనా అనిపించేంత బాగుంది. అంతలో ఎవరిదో తేనెలాంటి ఆడగొంతు, నా పెదాలు కదులుతుండగా, ఈ రాత్రి ఎంత అందంగా ఉందోనని ఇంగ్లీషులో మురిసిపోయింది.

మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. "మొహం వచ్చింది గదనే! మస్తున్నవ్." మరుక్షణం ముందుకు వంగాడు. "ఆగాగు. నువ్వు ఏజెంటును తిడుతున్నవ్!"

"నీకెట్ల తెలిసె?"

"రోజూ ఇంట్ల ఇనేటోన్ని, నాకు తెల్వదా? పోనీ తియ్, మంచి గొంతు వెట్టిండ్రు."

ఇక మీదట ఆయన వీపు మాట ఎత్తలేడు. కోరుకున్న ముఖం కనిపించింది కాబట్టి సంతోషించాలి. సంతోషించలేకపోయాను. నా నోట్లో పరాయి మనిషి ఆనందాన్ని పెట్టడానికి వాళ్లెవరు? నన్నడిగారా?

మర్నాడు ఒంటరిగా అదే ఆటకు వెళ్లాను. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. చీకట్లో మళ్లీ ఆ తడి రోడ్డు, మళ్లీ ఆ రంగులు. నా ముఖం రాగానే, దాని పెదాలతోపాటు, ఈసారి గొంతుతో, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. వ్యాన్ దగ్గర మొదలుపెట్టి బిర్యానీ పొట్లం దాకా వచ్చాను.

"ఓ అక్కా, జర సప్పుడు జెయ్యకు," అన్నారు వెనకనుంచి ఎవరో. "గామె ఏం చెప్తుందో ఇననియ్."

"గామె నేనే భాయ్," అన్నాను, వెనక్కి తిరగకుండానే. తెరమీద నా పెదాలు ఇంకా కదులుతున్నాయి. అవి ఆగేలోపు వాటిని అందుకోవాలి.